పోయింది పంపేనా? డీజిల్ ఇంజన్ ఆయుష్షుపై ఒక సమీక్ష

మిరుగం వాన పడి దుక్కి అదునుకొచ్చిన పొద్దున ట్రాక్టర్ కదలకపోతే వరంగల్ పల్లెల్లో మొదట వినిపించే మాట ‘పంపు పోయింది’. యాసంగి కోతల్లో వరికోత మిషన్ మడి నడుమ ఆగినా, ఏనుమాముల మార్కెట్‌కు పత్తి బస్తాలతో వస్తున్న డీసీఎం ఎత్తు ఎక్కలేక నల్లపొగ కక్కినా అదే మాట. రైతుకు, డ్రైవర్‌కు ఇంతగా గుండెల్లో దడ పుట్టించే మాట ఇంకొకటి లేదు. పంపు విప్పారంటే చేతికొచ్చిన పంట డబ్బులో కొంత పోయినట్టే, అదును కూడా పోయినట్టే.

అయితే ఆ ఒక్క మాట కింద చాలా రోగాలు దాక్కుని ఉంటాయి. ట్యాంకులో నీళ్లు, ఫిల్టర్‌లో మట్టి, పైపు జాయింటులో గాలి, అరిగిన నాజిల్, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, వదులైన ట్యాపెట్లు. వీటిలో ఏది వచ్చినా ఇంజన్ చూపించే లక్షణాలు దాదాపు ఒకటే. పంపును ఎలా కాపాడుకోవాలన్న దానిపై సలహాలకు కొదవ లేదు. కంపెనీల మాన్యువళ్లు ఒకటి చెబుతాయి, ఆటోనగర్ మేస్త్రీలు ఒకటి చెబుతారు, పక్క పొలం రైతు ఇంకొకటి చెబుతాడు. వీటిలో నిలబడేవి ఏవి, నిలబడనివి ఏవి అని వేరుచేసి చూపడమే ఈ వ్యాసం పని.

చుక్క కన్నా తక్కువ

ముందు ఈ డీజిల్ ఇంజెక్షన్ పంపు చేసే పని ఎంత సున్నితమైనదో చూద్దాం. మూడు సిలిండర్ల ట్రాక్టర్ ఒకటి నిమిషానికి 2000 చుట్లు తిరుగుతూ రోటవేటర్ లాగుతోందనుకోండి. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి రెండు చుట్లకొకసారి ప్రతి సిలిండర్‌కూ డీజిల్ అందాలి. అంటే నిమిషానికి 3000 సార్లు, గంటకు 1,80,000 సార్లు. గంటకు 5.4 లీటర్లు తాగితే ఒక్కోసారి లోపలికి వెళ్లేది 30 ఘనపు మిల్లీమీటర్లు. మందు వేసే డ్రాపర్ నుంచి రాలే చుక్కలో ఇది మూడింట రెండొంతులు కూడా ఉండదు. అంత కొంచెం డీజిల్‌ను మూడు సిలిండర్లకూ సమానంగా, సరైన క్షణంలో, నాజిల్ తెరుచుకునేలా సుమారు 200 బార్ల ఒత్తిడికి నెట్టాలి. మన ట్రాక్టర్ టైరులో గాలి ఒత్తిడి ఒకటి రెండు బార్లేనని గుర్తుంటే ఆ బలం ఎంతటిదో అర్థమవుతుంది.

ఈ పని చేసేవి ప్లంజర్, దాన్ని ఇముడ్చుకున్న బ్యారెల్. రెంటినీ కలిపి మేస్త్రీలు ఎలిమెంట్ అంటారు. వాటి నడుమ సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అందులో రబ్బరు సీలు పెట్టడానికి చోటు లేదు. లోహానికీ లోహానికీ మధ్య నిలిచే పలచని డీజిల్ పొరే అక్కడ సీలు, అదే నూనె, వేడిని తీసుకుపోయేదీ అదే. అందుకే ఎలిమెంట్‌ను జంటగానే అరగదీసి తయారుచేస్తారు. ఒక జంటలోని ప్లంజర్ ఇంకో జంట బ్యారెల్‌కు పనికిరాదు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతటవే తెలుస్తాయి. ఎలిమెంట్‌కు మనం వేరేగా ఏదీ పెట్టడం లేదు. దానికి తిండీ, మందూ మనం పోసే డీజిలే.

మైకో పంపు మన ఊరికొచ్చిన దారి

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజన్‌ను నడిపి చూపినప్పుడు అందులో ఇలాంటి పంపు లేదు. ఇంధనాన్ని లోపలికి ఊదడానికి పెద్ద గాలి కంప్రెసర్ కావాల్సొచ్చేది. అందుకే ఆ ఇంజన్లు చాలాకాలం కార్ఖానాలకు, ఓడలకు పరిమితమయ్యాయి. రాబర్ట్ బాష్ 1922లో చిన్న ఇంజెక్షన్ పంపు తయారీకి పూనుకొని, 1927లో ఉత్పత్తి మొదలుపెట్టాక డీజిల్ ఇంజన్ లారీ ఎక్కింది, తర్వాత ట్రాక్టర్ ఎక్కింది. మన దేశంలో 1951లో బెంగళూరు కేంద్రంగా మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడింది. అదే మైకో. 2008లో కంపెనీ పేరు బాష్‌గా మారినా మన మేస్త్రీల నోట అది ఇవాళ్టికీ మైకో పంపే.

మోట బావుల కాలం పోయి ఆయిలింజన్లు వచ్చినప్పుడు మన రైతు చేతికి ఈ పంపు తొలిసారి అందింది. హ్యాండిల్ కొట్టి తిప్పే లిస్టర్ తరహా ఇంజను నిమిషానికి 650 చుట్లు తిరిగేది. అందులోని ప్లంజర్ నిమిషానికి 325 సార్లు ఆడేది. సిలిండర్‌కొక ప్లంజర్ ఉండే ఇప్పటి ట్రాక్టర్ ఇన్‌లైన్ పంపులో ఒక్కో ప్లంజర్ వెయ్యిసార్లు ఆడుతుంది. పాత ఇంజన్లు ఇరవై ముప్పై ఏళ్లు నడిచాయని పెద్దలు చెప్పేది నిజమే. నెమ్మదైన నడక, తక్కువ ఒత్తిడి వాటిని కాపాడాయి. ఆ రోజుల మొరటు అలవాట్లనే కొత్త ఇంజన్ల మీదికి తీసుకురావడం దగ్గరే మన తిప్పలు మొదలయ్యాయి. తెలంగాణలో వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక బావుల దగ్గర ఆయిలింజన్ అవసరం దాదాపు తీరిపోయింది. డీజిల్ పంపు ఇప్పుడు ట్రాక్టర్‌లో, కోత మిషన్‌లో, జేసీబీలో, లారీలో ఉంది. అక్కడ అది పాతదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ శ్రమ పడుతోంది.

నీళ్లు, దుమ్ము, గాలి

పంపు చావుకు కారణాలను వెతుకుతూ పోతే అన్ని దారులూ ఈ మూడింటి దగ్గరికే చేరుతాయి. ఈ విషయంలో కంపెనీ మాన్యువల్‌కూ మేస్త్రీ అనుభవానికీ తేడా లేదు.

మొదటిది నీళ్లు. డీజిల్‌లో నీళ్లు కిలోకు 200 మిల్లీగ్రాములకు మించకూడదని మన ప్రమాణం చెబుతోంది. బంకులో అది సరిగ్గానే ఉన్నా ఇంటికొచ్చాక మారిపోతుంది. సగం ఖాళీ ట్యాంకులో పగటి వేడిగాలి నిండుతుంది. రాత్రి చల్లబడగానే దానిలోని తేమ గోడలకు చెమ్మగా పట్టి కిందికి జారుతుంది. నీళ్లు డీజిల్ కన్నా బరువు కనుక అడుగున చేరతాయి. ప్లంజర్ దగ్గరికి వెళితే నూనె పొర తెగి, లోహం లోహాన్ని రుద్దుకుంటుంది. బండి నెలల తరబడి ఆగి ఉంటే తుప్పు పట్టి ప్లంజర్ బిగుసుకుపోతుంది. దీనికి మందు చాలా తేలిక. సాయంత్రం పని ముగియగానే ట్యాంకు నింపి పెట్టాలి. పొద్దున ఇంజన్ ఆడించకముందే ఫిల్టర్ కింది స్క్రూ వదులు చేసి, అడుగున చేరిన నీళ్లు పోయి స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా కొంచెం వదలాలి. రెండు నిమిషాల పని ఇది.

వరద మునకది వేరే లెక్క. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 650 మిల్లీమీటర్ల దగ్గర వాన పడింది. జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచేసింది. హనుమకొండ, వరంగల్ కాలనీల్లోనూ బండ్లు నీట మునిగాయి. నీళ్లు తీశాక ‘ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం’ అనుకోవడమే ఇలాంటప్పుడు చేసే పెద్ద తప్పు. మునిగిన బండికి తాళం పెట్టకూడదు. ట్యాంకు ఖాళీ చేసి కడగాలి, పైపుల్లోని డీజిల్ వదలాలి, ఫిల్టర్లు, ఇంజన్ ఆయిల్ మార్చాలి. పాత ఇన్‌లైన్ పంపులకు సొంత ఆయిల్ గది ఉంటే అదీ మార్చాలి. ఇంజన్ లోపల నీళ్లు లేవని మేస్త్రీ తేల్చాకే సెల్ఫ్ కొట్టాలి.

రెండోది దుమ్ము. సందు నాలుగు మైక్రాన్లయితే అంత సైజు రేణువే దానికి ఆకురాయి. కంటికి కనిపించే మట్టి ఫిల్టర్‌లో ఆగుతుంది కాబట్టి దానితో పెద్ద భయం లేదు. కనిపించనిదే ప్లంజర్‌ను గీస్తుంది. ట్యాంకు మూత పోతే గుడ్డ కుక్కి నడపడం, దుమ్ము రేగుతున్న కల్లంలోనే క్యాను ఎత్తి పోయడం, గరాటను ట్రాలీలో పడేసి తుడవకుండా వాడటం, ఇవన్నీ రోజూ చూసేవే. నూలుగుడ్డతో వడపోసినా పీచు లోపలికి పోతుంది. జాలీ ఉన్న గరాట మేలు. జింకు పూత వేసిన రేకు డబ్బాల్లో డీజిల్ నిలవ చేయొద్దని ట్రాక్టర్ మాన్యువళ్లు గట్టిగా చెబుతాయి. జింకుతో డీజిల్ కలిసి పొరలు ఊడతాయి, నీళ్లు కూడా ఉంటే జిగురులా తయారవుతుంది. అది నేరుగా ఫిల్టర్‌ను, నాజిల్‌ను మూసేస్తుంది. డ్రమ్ములో నిలవ చేసేవారు డీజిల్ పోశాక ఒక రోజు కదపకుండా తేరనివ్వాలి. తీసేటప్పుడు అడుగున జానెడు వదిలేయాలి.

మూడోది గాలి. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పంపు తర్వాతి పైపుల్లో చిల్లుంటే డీజిల్ బయటికి కారుతుంది, కంటికి కనిపిస్తుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న భాగంలో చిల్లుంటే ఇంజన్ నడిచేటప్పుడు బయటికి ఏమీ కారదు. గాలే లోపలికి పోతుంది. ఇంజన్ పట్టి పట్టి ఆగుతుంటే, పంపు మీద అనుమానం పడే ముందు ఆ పైపులు, క్లిప్పులు, వాషర్లు చూడాలి. ఒకసారి నలిగిన వాషర్‌ను మళ్లీ బిగించడం పది రూపాయలు మిగిల్చి వేలు పోగొట్టుకునే పని. డీజిల్ పూర్తిగా అయిపోయేదాకా నడిపితే గాలి పట్టడమే కాదు, ఆ కాసేపూ ప్లంజర్ ఎండిన గొంతుతో ఆడుతుంది. డీజిలే నూనెగా నడిచే రోటరీ పంపులకు ఇది మరీ చేటు.

కాజీపేట షెడ్డు, ఆర్టీసీ డిపో

పంపును ఎలా బతికించుకోవాలో చూడటానికి మనం ఎక్కడికో పోనక్కరలేదు. కాజీపేటలో దక్షిణ మధ్య రైల్వే డీజిల్ లోకోషెడ్డు ఉంది. దశాబ్దాల పాటు దేశాన్ని లాగిన డబ్ల్యూడీఎం-2 తరగతి రైలింజన్ 2600 హార్స్‌పవర్‌ది. దాని 16 సిలిండర్లకు 16 విడి పంపులు ఉంటాయి. ఒక్క పంపు తేడా చేసినా 15 సిలిండర్లు దాని బరువు మోయాలి. అందుకే రైల్వే పద్ధతిలో పంపు పాడయ్యేదాకా ఆగరు. గడువు ప్రకారం ఫిల్టర్లు మారతాయి. గడువు ప్రకారం పంపులు, నాజిళ్లు విప్పి, పరీక్ష బెంచీ మీద కొలిచి, లెక్క కుదిరినవే తిరిగి బిగిస్తారు. ఏ పని ఎప్పుడు చేశారో ప్రతి ఇంజన్‌కూ రికార్డు ఉంటుంది.

ఆర్టీసీ డిపోల్లో ఇంకో మంచి అలవాటు ఉంది. ప్రతి బస్సుకూ లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో లెక్క కడతారు. కేఎంపీఎల్ అన్న మాట ప్రతి డ్రైవర్‌కూ తెలుసు. అంకె పడిపోతే ఆ బస్సులో ఏదో మొదలైందని అర్థం. ఇంజన్ మాట్లాడకముందే అంకె మాట్లాడుతుంది. రైతుకు ఇది కిలోమీటర్లలో కుదరదు, గంటల్లో కుదురుతుంది. ట్రాక్టర్‌లో గంటల మీటరు ఉండనే ఉంది. ఒక నోటుబుక్కులో ఏ తేదీన ఎన్ని గంటల దగ్గర ఎన్ని లీటర్లు పోశాడో, ఎప్పుడు ఫిల్టర్ మార్చాడో రాసుకుంటే చాలు. అదే పొలం, అదే కరిగెట, గంటకు అరలీటరు ఎక్కువ తాగుతోందంటే జబ్బు ముదరకముందే తెలిసిపోతుంది. ఈ వ్యాసంలో అన్నిటికన్నా చవకైన సలహా ఇది. దీన్ని పాటించేవారు అన్నిటికన్నా తక్కువ.

వాదం ఉన్న చోట్లు

కొన్ని అలవాట్ల మీద మాత్రం అందరిదీ ఒక మాట కాదు. వాటిని ఒక్కొక్కటిగా తూచాలి.

డీజిల్‌లో టూ-టీ ఆయిలో, ఇంజన్ ఆయిలో కలిపితే పంపు ఎక్కువకాలం వస్తుందన్నది మొదటిది. ఇది గాలిలో పుట్టిన మాట కాదు. గంధకం తీసే శుద్ధిలో డీజిల్‌కు సహజంగా ఉండే జిడ్డుగుణం కూడా పోతుంది. స్వీడన్ 1990ల మొదట్లో గంధకం బాగా తగ్గించిన డీజిల్ తెచ్చినప్పుడు పంపులు త్వరగా అరిగాయి. మన దేశంలోనూ గంధకం పరిమితి 2010లో బీఎస్-3తో కిలోకు 350 మిల్లీగ్రాములకు, 2017లో బీఎస్-4తో 50కి, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6తో 10కి దిగింది. స్వీడన్ అనుభవం తర్వాతే జిడ్డుగుణానికి పరీక్ష వచ్చింది. 60 డిగ్రీల వేడి డీజిల్‌లో చిన్న ఉక్కు గుండును ఉక్కు బిళ్ల మీద రుద్దిస్తారు. గుండు మీద పడే అరుగుడు మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. రిఫైనరీలు దానికి తగ్గ మందు కలిపే పంపుతాయి. కాబట్టి మంచి బంకు డీజిల్‌కు ఇంట్లో ఏదీ కలపనక్కరలేదు. పొగగొట్టంలో ఫిల్టర్ ఉన్న కొత్త బండ్లలో ఇంజన్ ఆయిల్ కలిపితే దాని బూడిద ఆ ఫిల్టర్‌ను పూడుస్తుంది. ఇక కిరోసిన్ కలపడం మీద వాదమే లేదు. అది పలచన, జిడ్డు తక్కువ. పంపుకు నేరుగా విషం.

రెండోది ‘పంపు పెంచడం’. ఇసుక ట్రాలీ లాగడానికి బలం చాలడం లేదని పంపు సీలు తెంచి డీజిల్ ఎక్కువ పోయించుకుంటారు. బలం కాస్త పెరిగిన మాట నిజం. కానీ ఇంజన్‌కు అందే గాలి అంతే ఉంటుంది. మండని డీజిల్ నల్లపొగగా పోతుంది, కొంత సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, పిస్టన్ వేడెక్కుతుంది. పంపు మీది సీసం సీలు కంపెనీ మొండితనం కాదు. అది ఇంజన్ భరించగల హద్దు.

మూడోది వేడి పంపు మీద చన్నీళ్లు పోయడం. రోహిణి కార్తెలో బండి ఆగి మళ్లీ అందుకోకపోతే మన దగ్గర చాలామంది చేసే పని ఇది. అరిగిన పంపులో వేడికి డీజిల్ పలచబడి సందుల్లోంచి జారిపోతుంది. చల్లబరిస్తే చిక్కబడి ఇంజన్ అందుకుంటుంది. అందుకే ఈ చిట్కా పనిచేసినట్టు కనిపిస్తుంది. కానీ బ్యారెల్ ఒక్కసారిగా కుంచించుకుపోతే ప్లంజర్ దానిలో బిగుసుకునే ప్రమాదముంది. చల్లగా ఉన్నప్పుడు అందుకొని వేడిమీద అందుకోకపోతే ఎలిమెంట్ అరిగిందనే గుర్తు. ఆ పంపును నీళ్లతో బతిమాలకుండా బెంచీ మీదికి పంపాలి.

నాలుగోది కాగితపు ఫిల్టర్‌ను పెట్రోల్‌లో కడిగి మళ్లీ వేయడం. కడిగితే కాగితం రంధ్రాలు సాగుతాయి, చిరుగు కంటికి కనపడదు. ఫిల్టర్ ధర మిగులుతుంది, దాని అవతల ఉన్న వస్తువు పోతుంది. కొత్త ఫిల్టర్ బిగించేటప్పుడు దానిలో డబ్బా డీజిల్ పోసి నింపే అలవాటు కూడా మానాలి. ఆ డీజిల్ వడపోతను దాటి నేరుగా పంపులోకి పోతుంది. చేతి ప్రైమింగ్ పంపుతో నింపి గాలి తీయడమే సరైన దారి.

ఐదోది రిపేరా, కొత్తదా అన్నది. ఇన్‌లైన్, రోటరీ పంపుల్లో మంచి ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు వేసి క్యాలిబ్రేషన్ చేయిస్తే పంపు మళ్లీ కొత్తదిలా పనిచేస్తుంది. షరతు ఒక్కటే. ఆ షాపులో పరీక్ష బెంచీ ఉండాలి. పంపును నిర్ణీత వేగంతో తిప్పి, ప్రతి సిలిండర్‌కూ పోయే డీజిల్‌ను గాజు గొట్టాల్లో పట్టి సరిచూడాలి. చెవితో విని, పొగ చూసి పంపు సరిచేసే రోజులు పోయాయి. నకిలీ ఎలిమెంట్‌తో మిగిలే డబ్బు కొన్ని నెలల డీజిల్ ఖర్చులోనే కరిగిపోతుంది.

కామన్ రైల్ వచ్చాక

అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం (రైలు) నుంచి డీజిల్ అందించే, 1990ల చివర్లో మొదలైన కామన్ రైల్ పద్ధతి ఇప్పుడు మన లారీల్లో, డీజిల్ కార్లలో, 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లలో కనిపిస్తోంది. ఇక్కడ ఒత్తిడి 1600 బార్లు, కొన్నింటిలో 2000 దాటుతుంది. పాత జాగ్రత్తలన్నీ దీనికీ వర్తిస్తాయి. తేడా ఏమిటంటే, తప్పును ఇది క్షమించదు. నీళ్లకో దుమ్ముకో పంపు అరిగితే ఆ లోహపు పొడి రైలు, ఇంజెక్టర్ల మీదుగా వెనక్కి ట్యాంకు దాకా పాకుతుంది. ఒక్క పంపు మారిస్తే సరిపోదు, మొత్తం శుభ్రం చేయాలి.

పాత అలవాటు ఒకటి ఇక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది. ఇంజన్ నడుస్తుండగా నాజిల్ నట్టు వదులు చేసి గాలి తీయడం పాత బండిలో రోజూ చేసే పనే. కామన్ రైల్‌లో అలా చేస్తే దూసుకొచ్చే డీజిల్ సన్నని ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చే కనిపిస్తుంది, లోపల కండ కుళ్లుతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా అదే గంటలో ఆసుపత్రికి పోవాలి. కారుతున్న చోటును వేలితో వెతకకూడదు, అట్టముక్కతో చూడాలి.

చేయాల్సింది ఎవరు?

జ్ఞానం కొరత ఇక్కడ సమస్య కాదు. ఐటీఐల్లో మెకానిక్ డీజిల్ ట్రేడు ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ప్రతి ట్రాక్టర్‌తోనూ మాన్యువల్ వస్తుంది. ఆ జ్ఞానమే అదును దాటక ముందు రైతుకు అందడం లేదు. తెలంగాణలో 2,601 రైతు వేదికలు ఉన్నాయి. విత్తనాల మీద, ఎరువుల మీద అక్కడ మాట్లాడుకుంటాం. మిరుగానికి పదిహేను రోజుల ముందు అదే చోట ఒక ట్రాక్టర్‌ను నిలబెట్టి, నీళ్లు వదలడం, ఫిల్టర్ మార్చడం, గాలి తీయడం చేసి చూపిస్తే ఒక్క పూట చాలు. అనుభవమున్న పంపు మేస్త్రీనే గురువుగా కూర్చోబెట్టాలి. నడిపేది ఎక్కువగా జీతానికి వచ్చే డ్రైవర్లే కనుక యజమానులతో పాటు వాళ్లనూ పిలవాలి. సీజన్ ముగిశాక నెలల తరబడి ఆగే కోత మిషన్లను ట్యాంకు నింపి, కొత్త ఫిల్టర్‌తో నడిపి, ఆ తర్వాతే షెడ్డులో పెట్టే అలవాటు కూడా అక్కడి నుంచే రావాలి.

ఇన్ని సలహాలు తూచి చూశాక తేలేది ఒకటి. బలంగా నిలబడినవి చాలావరకు పంపుకు ముందు జరిగే పనులే. ట్యాంకు, మూత, క్యాను, గరాట, ఫిల్టర్, వాషర్, నోటుబుక్కు. నిలబడనివి చాలావరకు పంపు మీదో, డీజిల్ మీదో చేసే ప్రయోగాలు. సీలు తెంచడం, నీళ్లు పోయడం, ఏదో కలపడం.

అందుకని ఈసారి బండి ఆగినప్పుడు ‘పంపు పోయింది’ అనే ముందు ట్యాంకు దగ్గర మొదలుపెట్టి పైపు వెంట ఒక్కో జాయింటు చూసుకుంటూ పంపు దాకా నడవండి. చాలాసార్లు అక్కడిదాకా పోకముందే తప్పు దొరుకుతుంది. దొరకకపోతే అప్పుడు పంపు విప్పండి, అదీ బెంచీ ఉన్న చోట.